సూపర్‌మాన్ 3: తొంభైతొమ్మిది అట్టముక్కలు

న్యూజెర్సీలో మేముండే ఊరికి దగ్గర్లో ఆదివారాలు పాతసామాన్ల సంత జరుగుతుంది. నాలుగేళ్ళ క్రితం అక్కడ ఒక పెద్దాయన బేస్‌బాల్ కార్డుల పెట్టెలు వరసగా పేర్చుకుని కూర్చుంటే, ఊరికే చూస్తూ నిలబడ్డాను. పాతికేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నా బేస్‌బాల్ నాకు సరిగ్గా అర్థం కాదు. ఆ పెట్టెల చివర, రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట కనిపించింది. పైకార్డు మీద క్రిస్టఫర్ రీవ్. తీసి తిప్పి చూస్తుంటే, "అది మూడో సినిమాది. ఎవరూ అడగరు. ఐదు డాలర్లివ్వు చాలు" అన్నాడాయన.

ఎవరూ అడగరు అన్నాడని కొన్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

అవి టాప్స్ కంపెనీ 1983లో వేసిన 'సూపర్‌మాన్ 3' కార్డులు. మొత్తం 99 కార్డులు, 22 స్టికర్లు. ఇంటికొచ్చి లెక్కపెడితే కార్డులు 99 ఉన్న మాట నిజమే కాని, ఒకటి రెండుసార్లు వచ్చింది. అంటే ఒకటి లేదు. స్టికర్లలో పద్నాలుగే మిగిలాయి. మిగతావి నలభై ఏళ్ళ క్రితం ఏ పిల్లవాడి మంచానికో, పుస్తకాల సంచీకో అతుక్కుపోయి ఉంటాయి.

ముందు సినిమా సంగతి. 1978లో రిచర్డ్ డానర్ తీసిన మొదటి సూపర్‌మాన్ ఒక్క అమెరికాలోనే దాదాపు 134 మిలియన్ డాలర్లు వసూలు చేసింది. రెండో భాగాన్ని కూడా డానర్ మొదటిదాంతో పాటే చాలావరకు తీసేశాడు. నిర్మాతలు సాల్కిండ్‌లతో గొడవపడి బయటికి పోవలసి వచ్చింది. మిగిలినది రిచర్డ్ లెస్టర్ పూర్తిచేశాడు. బీటిల్స్‌తో సినిమాలు తీసి పేరు తెచ్చుకున్న లెస్టర్‌కి హాస్యం చేతనైన విద్య, పురాణం కాదు. రెండోది 108 మిలియన్లు చేసింది. మూడోది మొదటినుంచీ చివరిదాకా పూర్తిగా లెస్టర్‌దే. నిర్మాత ఇల్యా సాల్కిండ్ మొదట రాసుకున్న కథలో బ్రెయినియాక్, సూపర్‌గర్ల్ వంటి వాళ్ళంతా ఉన్నారు. వార్నర్ వాళ్ళు ఒప్పుకోలేదు. ఈలోగా రిచర్డ్ ప్రయర్, అప్పటికి అమెరికాలో అందరికన్నా పెద్ద హాస్యనటుడు, ఒక టీవీ కార్యక్రమంలో రెండో సూపర్‌మాన్ తనకెంత నచ్చిందో నవ్విస్తూ చెప్పాడు. అది చూసి సాల్కిండ్‌లు అతన్నే తీసుకున్నారు. కథ అతని చుట్టూ తిరిగింది. 1983 జూన్ 17న విడుదలై 60 మిలియన్ల దగ్గర ఆగిపోయింది. ఖర్చు 39 మిలియన్లు గనక నష్టమనడానికి లేదు కాని, అందరూ నిరాశపడ్డారు. దానికి మూడు వారాల ముందే 'రిటర్న్ ఆఫ్ ద జెడై' వచ్చి థియేటర్లని పట్టుకు కూర్చుంది.

ఆ తేడా కార్డుల్లో కూడా కనపడుతుంది. అదే ఏడాది అదే టాప్స్ కంపెనీ జెడైకి రెండు విడతల్లో 220 కార్డులు వేసింది. మొదటి సూపర్‌మాన్‌కి 165 వేసింది. రెండోదానికి 88. మూడోదానికి 99. ఈ అంకెలన్నీ 11 గుణిజాలని గమనించారా? ప్రింటింగ్ షీటు మీద వరసకి పదకొండు చొప్పున పన్నెండు వరసలు, 132 కార్డులు పట్టేవి. కథ ఎన్ని కార్డులు అడుగుతుందో ఎవరూ ఆలోచించలేదు. షీటు ఎన్ని ఇస్తే కథ అన్ని ముక్కలయింది.

ఒక్కో కార్డు మీద సినిమాలోంచి ఒక ఫోటో, దానికొక శీర్షిక. వాటిని తయారుచేసినవాళ్ళకి సినిమా ఎలా ఆడుతుందో తెలియదు. సినిమా హాలుకి వచ్చే రోజుకి బబుల్ గమ్ కాగితంలో చుట్టి కార్డులు కొట్లో ఉండాలి గనక, స్టూడియో పంపించిన ఫోటోలతో ముందే అచ్చువేసేవాళ్ళు. అంటే ఇది సినిమా చూసి గుర్తుపెట్టుకున్నది కాదు. ఎలా ఉండబోతోందో అని ఊహించుకున్నది. పిల్లలు మాత్రం గుర్తుపెట్టుకోడానికే కొన్నారు. 1983లో వీడియో ఇంకా అందరిళ్ళలోకి రాలేదు. సినిమా హాల్లోంచి బయటికొచ్చాక చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. ఈ అట్టముక్కలు వరసలో పెట్టుకుని నేలమీద సినిమాని మళ్ళీ వేసుకోవచ్చు.

మనకి ఆ పని ఫిలిం ముక్కలు చేసేవి. తెనాలిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న హాల్లో ఆపరేటరుకి అన్నయ్య ఏం సేవలు చేసేవాడో నాకు తెలియదు కాని, తెగిన రీలు ముక్కలు నిక్కరు జేబులో వేసుకుని వచ్చేవాడు. తలుపులు మూసి, ఎండలో ఒకడు అద్దం పట్టుకుని వెలుతురు గదిలోకి కొడితే, నీళ్ళు నింపిన బల్బుకి ముందు ముక్క పెట్టి నాన్న పంచె మీద బొమ్మ వేసేవాళ్ళం. ఎన్టీ రామారావు తలకిందులుగా పడేవాడు. తిప్పి పెట్టాలని ప్రతిసారీ మర్చిపోయేవాళ్ళం.

ఆ ముక్కల్లో 1980లో వచ్చిన తెలుగు 'సూపర్‌మాన్'వి కూడా ఉండేవి. అందులో రామారావు సూపర్‌మాన్. మన వాడికి శక్తులు ఇంకో గ్రహంనుంచి రాలేదు, ఆంజనేయస్వామి ఇచ్చాడు. నాకు ఇప్పటికీ అదే ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఎగరడం గురించి హనుమంతుడికన్నా తెలిసినవాళ్ళెవరు? హాలీవుడ్ మూడో సూపర్‌మాన్ వచ్చేసరికి మన సూపర్‌మాన్ ఐదు నెలలుగా ముఖ్యమంత్రిగా ఉన్నాడు.

ఫిలిం ముక్కలు కాక మేము పోగుచేసినవి ఇంకో రెండు. అగ్గిపెట్టె అట్టలు, సిగరెట్ పెట్టెలు. సిగరెట్ పెట్టెలతో ఆడే ఆటని మావైపు బచ్చాలాట అనేవాళ్ళం. గీత గీసి, అందులో పెట్టెల అట్టలు పెట్టి, దూరంనుంచి బిళ్ళరాయి విసిరి బయటికి కొట్టిన వాటిని సొంతం చేసుకోవడం. అందరికీ దొరికే బ్రాండుకి విలువ తక్కువ, ఎక్కడో రైల్వే ప్లాట్‌ఫారం మీద దొరికినదానికి ఎక్కువ. మా ఇద్దరికీ సరుకు ఇంట్లోనే దొరికేది. నాన్న తాగేవి రోజుకి రెండు పెట్టెలు.

అమెరికా పిల్లల కార్డులకీ పుట్టిల్లు ఆ సిగరెట్ పెట్టేనని నాకు చాలాకాలం తెలియదు. 1880ల్లో అక్కడి పొగాకు కంపెనీలు, కాగితం పెట్టెల్లో సిగరెట్లు నలిగిపోకుండా గట్టి అట్టముక్క ఒకటి పెట్టేవి. ఖాళీ అట్ట ఎందుకని దానిమీద బొమ్మలు వేశారు. నటీమణులు, జెండాలు, పక్షులు, బేస్‌బాల్ ఆటగాళ్ళు. ఒకటి దొరికితే మిగతావి కావాలనిపిస్తుంది, అందుకోసం ఇంకో పెట్టె కొంటారు. అన్నిటికన్నా ఖరీదైన పాత కార్డుల్లో ఒకటి హోనస్ వాగ్నర్‌ది. 1909 ప్రాంతంలో సిగరెట్లతో వచ్చింది. అతని కార్డుని త్వరలోనే ఆపేశారు గనక చాలా కొద్దివే మిగిలాయి. తన బొమ్మ కోసం పిల్లలు పొగాకు కొనడం అతనికి ఇష్టంలేకపోయిందని ఒక కథనం, డబ్బు దగ్గర తేడా వచ్చిందని ఇంకో కథనం. టాప్స్ వాళ్ళ సంగతి ఇంకా తమాషా. 1938లో బ్రూక్లిన్‌లో గమ్ కంపెనీ పెట్టిన షోరిన్ అన్నదమ్ముల కుటుంబం అంతకుముందు చేసింది పొగాకు వ్యాపారం. అమెరికన్ లీఫ్ టొబాకో అని వాళ్ళ తండ్రి పెట్టిన కంపెనీ. పొగాకు పోయి గమ్ వచ్చింది, అట్టముక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇదంతా చదివాక సినిమాని మళ్ళీ చూశాను. చిన్నప్పుడు విజయవాడలో అన్నయ్యతో చూసినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇప్పుడు చూస్తే ఒక విషయం దగ్గర ఆగిపోయాను. ఈ కథ మొత్తాన్ని తిప్పేవి రెండు అట్టముక్కలు. ఒకటి అగ్గిపెట్టెది, రెండోది సిగరెట్ పెట్టెది.

ప్రయర్ వేసిన పాత్ర పేరు గస్ గోర్మన్. ఏ ఉద్యోగంలోనూ నిలవడు. నిరుద్యోగభృతి కూడా ఆగిపోతుంది. ఆఫీసులో సిగరెట్ ముట్టించుకోబోతే అగ్గిపుల్లల అట్ట మీద ఒక ప్రకటన కనపడుతుంది, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి అని. వెళ్ళి చేరతాడు. తనకి తెలియకుండానే ఆ విద్య అతనికి పట్టుబడుతుంది. అలా ఒక కంపెనీలో ఉద్యోగం వస్తుంది. విజయవాడలో ఆ సీను చూసి నవ్వామో లేదో నాకు గుర్తులేదు. ఇప్పుడు చూస్తే మాత్రం నవ్వు రాలేదు, అది మా కథే. మా తరంలో వేలమందికి జీవితాన్ని మార్చింది అలాంటి ప్రకటనే. అగ్గిపెట్టె మీద కాదు, అమీర్‌పేటలో కరెంటు స్తంభానికి కట్టిన అట్టమీద, బస్సు వెనక. 1990ల మధ్యలో డిగ్రీ అయ్యి ఖాళీగా తిరిగే ప్రతివాడూ ఆ బోర్డుల కింద నిలబడ్డవాడే. నేను నేర్చుకున్నది కోబాల్.

గస్‌కి మొదటి జీతం చెక్కు వస్తుంది. పన్నులన్నీ పోయి చేతికి అందేది చూసి ఉసూరుమంటాడు. పక్కనున్నవాడు చెప్తాడు, నిజానికి ఒక అరసెంటు కూడా ఉంటుంది, దాన్ని చెక్కు మీద వెయ్యలేరు గనక కంప్యూటర్లోనే ఎక్కడో తిరుగుతూ ఉండిపోతుంది అని. గస్ ఆ రాత్రి కూర్చుని, ఉద్యోగులందరి అరసెంట్లూ పోగేసి తన పేర చెక్కు రాయించుకుంటాడు. వచ్చేది ఎనభై అయిదు వేల డాలర్ల పైమాట. మర్నాడు ఆఫీసుకి ఎర్ర ఫెరారీలో వస్తాడు. యజమాని రాస్ వెబ్‌స్టర్ వాణ్ణి పట్టుకుని, జైలుకి పంపించకుండా తన దుర్మార్గాలకి వాడుకుంటాడు. కొలంబియాలో కాఫీ పంటని వాతావరణ ఉపగ్రహంతో పాడుచేయడం, ఆయిల్ ట్యాంకర్లని నడిసముద్రంలో ఆపించడం, ఇలాంటివి.

నా మొదటి ఉద్యోగం కూడా జీతాల ప్రోగ్రాములే. కోబాల్‌లో ఒక లెక్క చేసి ఫలితాన్ని రెండు దశాంశ స్థానాల గదిలో పెట్టమంటే, ఎక్కువైనదాన్ని చెప్పాపెట్టకుండా కోసేస్తుంది. సవరించి పెట్టాలంటే 'రౌండెడ్' అని ఒక మాట రాయాలి. నేను ఒకచోట ఆ మాట మర్చిపోయాను. నెలాఖరుకి మొత్తంలో మూడు రూపాయల చిల్లర తేడా వచ్చింది. ఆ అకౌంటెంటుగారు కంప్యూటర్ని నమ్మేవారు కాదు. ప్రతి నెలా కాగితం మీద చేత్తో కూడేవారు. "బాబూ, మూడు రూపాయలు ఎక్కడికి పోయాయి?" అని అడిగారు. రెండు రోజులు వెతికాను.

అందుకే గస్ లెక్క నన్ను వదల్లేదు. కోసేసిన ప్రతి ముక్కా సగటున అరసెంటు అనుకోండి. ఎనభై అయిదు వేల డాలర్లు పోగవ్వాలంటే కోటీ డెబ్భై లక్షల చెక్కులు కావాలి, ఒక్క వారంలో. ఇక ఆ కంపెనీ అందరిలాగే పైకీ కిందికీ సవరిస్తూ ఉంటే, కొందరి దగ్గర మిగిలింది ఇంకొందరికి చేరి ఆఖరికి దాదాపు సున్నా. ఇదంతా తెలిసినవాళ్ళకి కూడా ఆ సీను ఇష్టమే. 1999లో వచ్చిన 'ఆఫీస్ స్పేస్' సినిమాలో ప్రోగ్రామర్లు ఇదే దొంగతనం చేస్తూ, ఇది సూపర్‌మాన్ 3లోది కదా అని చెప్పుకుంటారు. అందరూ మర్చిపోయిన సినిమా ఒక్క మా వృత్తిలో మాత్రం ఇలా బతికుంది.

రెండో అట్టముక్క సంగతి. సూపర్‌మాన్‌ని చంపడానికి వెబ్‌స్టర్ క్రిప్టోనైట్ తయారుచెయ్యమంటాడు. కంప్యూటరు పదార్థాలన్నీ చెప్తుంది, ఒకటి మాత్రం ఏమిటో తెలియదంటుంది. తెలియదని యజమానితో చెప్పడానికి భయపడి గస్ తన చేతిలో ఉన్న సిగరెట్ పెట్టె చూస్తాడు. దానిమీద 'తారు' అని ఉంటుంది. ఆ ఖాళీలో అదే టైపు చేసేస్తాడు. అలా తయారైన రాయి సూపర్‌మాన్‌ని చంపదు, చెడగొడుతుంది.

అప్పట్లో విమర్శకులు దీన్ని పిచ్చి హాస్యం అనుకుని వదిలేశారు. అదొక్కటే కాదనుకుంటాను. అంతకుముందు రెండో సూపర్‌మాన్‌లో ఒక సిగరెట్ బ్రాండు కనపడటానికి ఫిలిప్ మోరిస్ కంపెనీ దాదాపు 42 వేల డాలర్లు ఇచ్చింది. కామిక్స్‌లో ఎప్పుడూ సిగరెట్ ముట్టని లోయిస్ లేన్ అందులో తాగుతుంది. పోరాట ఘట్టంలో ఆ బ్రాండు పేరున్న పెద్ద లారీ ఒకటి ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య ప్రచార సంస్థ పిల్లలు సిగరెట్ల జోలికి పోకుండా సూపర్‌మాన్‌తోనే ప్రకటనలు చేయించింది. అందులో నిక్ ఓ'టీన్ అనే పచ్చపళ్ళ దుర్మార్గుడు పిల్లలకి సిగరెట్లు ఇవ్వబోతే, సూపర్‌మాన్ వచ్చి వాణ్ణి పట్టి విసిరేస్తాడు. అంటే ఒకే మనిషి ఒకచోట సిగరెట్ బ్రాండుకి ప్రచారం చేశాడు, ఇంకోచోట పిల్లల్ని కాపాడాడు. మూడో సినిమాలో ఆ తారే అతన్ని పాడుచేసింది. రచయితలు డేవిడ్, లెస్లీ న్యూమన్‌లు కావాలనే అలా రాశారని నేననను.

పాడైన సూపర్‌మాన్ దగ్గరే ఈ సినిమా బాగుంటుంది. లోకాన్నేమీ నాశనం చెయ్యడు. పీసా గోపురాన్ని నిటారుగా నిలబెడతాడు. ఒలింపిక్ జ్యోతిని ఊది ఆర్పేస్తాడు. గడ్డం మాసి, ఎర్రటి రెక్క రంగు మసకబారి, బారులో కూర్చుని తాగుతూ పల్లీలు విసిరి సీసాలు పగలగొడతాడు. ఇవి రాక్షసుడు చేసే పనులు కావు, ఇంటికి ఆలస్యంగా వచ్చే మనుషులు చేసేవి. ఒక చిన్న పిల్లాడు వీధిలో నిలబడి, నువ్వు మంచివాడివే, మళ్ళీ బాగుపడతావు అని గట్టిగా అరుస్తాడు. ఆ పిల్లాడి కేక వినలేక ఎగిరిపోయి, పాత కార్ల గుట్టల మధ్య పడతాడు. అక్కడ రెండుగా చీలిపోతాడు. ఒకడు నల్లబడిన సూపర్‌మాన్, ఇంకొకడు కళ్ళద్దాలు పెట్టుకున్న క్లార్క్ కెంట్. కళ్ళద్దాల వాణ్ణి యంత్రంలో వేసి నలిపినా వాడు బయటికొస్తాడు. ఆఖరికి వాడే రెండోవాడి గొంతు పిసికి గెలుస్తాడు. రీవ్ ఆ పాత్రని నాలుగు సినిమాల్లో వేశాడు. అతను ఎంత మంచి నటుడో తెలియాలంటే ఆ కొద్ది నిమిషాలు చూస్తే చాలు.

కార్డులు ముందేసుకుని కూర్చుంటే ఒకటి తెలుస్తుంది. ప్రయర్ హాస్యం ఫోటోలో నిలవదు. అతని ప్రతిభంతా మాట విరుపులో, తడబాటులో ఉంది. కదలికపోతే కళ్ళు పెద్దవి చేసుకున్న మనిషొకడు మిగులుతాడు. సినిమా నిండా ఉన్న నవ్వులు అట్టమీదికి వచ్చేసరికి ఆరిపోయాయి. రీవ్ ముఖం ఆరిపోలేదు. డానర్ రెండో సినిమాని 2006లో అతని పద్ధతిలో మళ్ళీ కూర్చి విడుదల చేశారు. మూడోదానికి అలాంటి దిక్కు ఏదీ లేదు. రబ్బరు బ్యాండు వేసి ఐదు డాలర్లకి అమ్మే ఈ కట్టే దానికి రెండో రూపం. దీన్లో సినిమా అసలుకంటే కాస్త గంభీరంగా ఉంటుంది.

గమ్ మరకలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో గులాబీరంగు గమ్ పలక కార్డుని ఆనుకుని ఉండేది, దాని నూనె అట్టకి ఎక్కేది. అలాంటి మరక ఉంటే సేకరించేవాళ్ళు ధర తగ్గిస్తారు. నేను తగ్గించలేదు, ఎలాగూ ఐదు డాలర్లే.

రెండుసార్లు వచ్చిన కార్డుని కిందటేడు తెనాలి వెళ్ళినప్పుడు అన్నయ్యకి ఇచ్చాను. అదే ఇందాక తర్వాత చెప్తానన్న కారణం. ఆ సంతలో కట్ట చేతిలోకి తీసుకోగానే నాకు గుర్తొచ్చింది సినిమా కాదు, అన్నయ్య రేకుడబ్బా. దాన్లో మా సిగరెట్ పెట్టెల అట్టలు ఉండేవి, ఒకదానిమీద ఒకటి, అదే మందాన. 1994లో నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఆ డబ్బా ఏమైందో మా ఇద్దరికీ తెలియదు.

అన్నయ్య కార్డుని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. సిగరెట్ పెట్టె చూసి తారు అని టైపు చేసే సీను చెప్పాను. విజయవాడలో చూసినప్పుడు అది మాకు అర్థం కాలేదు. నవ్వాడు.

"మన డబ్బాలో మొత్తం ఎన్నుండేవిరా?" అన్నాడు.

"రెండొందలు ఉంటాయేమో."

"రోజుకి రెండు పెట్టెలు. అంటే మనం దాచింది మూడు నెలల సరుకు" అని, కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.